రోడ్డు దాటడానికి క్యాబ్

కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ పక్కకి ఇల్లు మారదామని పట్టుబట్టింది నేనే. నేను చెప్పిన కారణం ఒక్కటే, ఆఫీసుకి నడిచి వెళ్ళిపోవచ్చని. కొత్త ఇంటి బాల్కనీలో నిలబడితే మా ఆఫీసు అద్దాల మేడ కనిపిస్తుంది. బ్రోకరు కూడా అదే చూపించి అద్దె పెంచాడు. మొదటి సోమవారం కొత్త బూట్లు వేసుకుని, వీపుకి లాప్‌టాప్ సంచి తగిలించుకుని, పెళ్ళికి వెళ్తున్నంత ఉత్సాహంగా బయల్దేరాను.

గేటు దాటగానే ఫుట్‌పాత్ ఉంది. నాలుగడుగులు వెయ్యగానే అది ట్రాన్స్‌ఫార్మర్ కంచెలోకి వెళ్ళిపోయింది. చూపు లేనివాళ్ళ కోసం వేసిన పసుపు పలకలు కూడా ఎంతో క్రమశిక్షణగా నేరుగా ఆ కంచెలోకే వెళ్ళాయి. కంచె చుట్టి వస్తే బైకుల పార్కింగు. అది దాటితే టిఫిన్ బండి. బండి దాటేసరికి ఎదురుగా ఫుట్‌పాత్ మీదే రాంగ్ రూట్లో ఒక స్కూటరు. దాని మీదున్నాయన నన్ను చూసి హారన్ కొట్టి, నేను జరగలేదని చిరాకు పడ్డాడు. నేనే సారీ చెప్పాను. చెమటతో, దుమ్ముతో ఆఫీసు చేరితే గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు నన్ను ఇంటర్వ్యూకి వచ్చిన మనిషి అనుకుని పక్కన నిలబెట్టారు. మంగళవారం నుంచి కారులో వెళ్తున్నాను. యూటర్న్ తీసుకుని, ఫ్లైఓవర్ కింద నిలబడి, నడిస్తే పట్టే సమయం కంటే ఎక్కువే తీసుకుని వెళ్తున్నాను. కానీ ఏసీలో వెళ్తున్నాను.

నేను టెస్టింగ్ మేనేజర్ని. ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి జీతం తీసుకుంటాను. ఈ ఉద్యోగం మనిషిని ఒక రకంగా పాడుచేస్తుంది. పెళ్ళి భోజనానికి కూర్చున్నా ముందు కూరలో లోపమే కనిపిస్తుంది. ఊరంతటి లోపాలూ నాకు కనిపిస్తాయి, నావి తప్ప.

నడక మానేశాక మనసు పీకుతుంటే ఒక ఖరీదైన సైకిల్ కొన్నాను. దాన్ని ఆదివారం పొద్దున్నే కారు వెనక కట్టుకుని, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిళ్ళ కోసం వేసిన దారి దాకా తీసుకెళ్ళి, అక్కడ కారు పార్క్ చేసి, హెల్మెట్ పెట్టుకుని తొక్కి, మళ్ళీ కారుకి కట్టుకుని తెస్తాను. మొదటిసారి నా అవతారం చూసి నాన్న, "సైకిలు నిన్ను మొయ్యాలి గానీ, నువ్వు సైకిల్ని మొయ్యడమేంటమ్మా?" అన్నారు. మన వీధిలో తొక్కితే ప్రమాదమని పర్యావరణం, భద్రత అంటూ చాలా చెప్పాను. ఆయన అంతా విని పేపరు తెరిచారు.

నాన్న కాకినాడలో ట్రెజరీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. అమ్మ పోయిన దగ్గర్నుంచి మాతోనే ఉంటున్నారు. కూకట్‌పల్లిలో ఆయనకొక రాజ్యం ఉండేది. హౌసింగ్ బోర్డు కాలనీలో రైతుబజారుకి, గుడికి, లైబ్రరీకి నడిచి తిరిగేవారు. దారిలో 'ఏమండీ' అని పలకరించేవాళ్ళు అడుగడుక్కీ ఉండేవారు. నా నడక కోసం ఇల్లు మార్చి ఆయన నడక ఊడగొట్టాను. ఇక్కడ మా అపార్ట్‌మెంట్ లోపల క్లబ్‌హౌస్ చుట్టూ వాకింగ్ ట్రాక్ ఉంది, అందులో నడవండి అన్నాను. కొద్దిరోజులు తిరిగి, గానుగెద్దులా ఉందమ్మా అని మానేశారు.

ఇంట్లో ఆయన తనకి తానే ఒక పని పెట్టుకున్నారు. మా సెల్లార్‌లోకి దిగే దారి మలుపులో ఉంటుంది. ఎదురొచ్చే కారు కనపడదు కాబట్టి అందరూ హారన్ కొట్టే దిగాలి. నేను రెండు పొట్టివి, ఒక పొడుగుది కొడతాను. సాయంత్రం ఆ మోత వినగానే రెండో అంతస్తులో నాన్న పొయ్యి మీద టీ గిన్నె పెడతారు. నేను లిఫ్టు దిగేసరికి అల్లం వాసన వస్తుంది. ఎన్ని కార్లు మోగించినా ఆ గిన్నె తప్పుగా పొయ్యెక్కిన రోజు లేదు.

ఒకరోజు కొత్తిమీర తెస్తానని రోడ్డవతలికి వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు. అవతలి కిరాణా కొట్టు ముందు బల్ల మీద ఒక పెద్దాయన దొరికారట. ఆ మేడ, కింద కొట్లు ఆయనవే. హైటెక్ సిటీ రాకముందు ఇక్కడున్న పల్లెలో పుట్టిన మనిషి. షుగరు వల్ల చూపు దాదాపు పోయింది. పేపరంటే ప్రాణం. ఇంట్లో వాళ్ళు పొద్దున్నే పనులకి వెళ్ళిపోతారు, మనవళ్ళకి తెలుగు చదవడం రాదు. ఆయన పేపరు మడత విప్పి ముఖానికి ఆనించుకుని కూర్చుంటే చూడలేక, నాన్న ఒక వార్త చదివి వినిపించారు. మర్నాడు బల్ల పక్కన ఒక కుర్చీ వేసి ఉంది.

అప్పట్నుంచి అది రోజూ జరిగే పని అయిపోయింది. ముందు వాతావరణం, తర్వాత ధరలు, తర్వాత రాజకీయాలు. రెండు రాష్ట్రాల తగవుల దగ్గర మాత్రం ఇద్దరూ మర్యాదగా పేజీ తిప్పేసేవారట. చివర్లో శ్రద్ధాంజలి ప్రకటనలు. అందులో తెలిసిన పేరేదైనా ఉందేమోనని పెద్దాయన చెవులు రిక్కించి వినేవారు. నాన్న యాసని ఆయన వెక్కిరించేవారు, ఆయన యాసని నాన్న ఇంటికి తెచ్చి మాకు వినిపించేవారు. ఒకసారి ఆఫీసుకి వెళ్తూ కారు ఆపి నేనూ వాళ్ళ దగ్గర కూర్చున్నాను. నన్ను బిడ్డా అని పిలిచి, రోడ్డు వైపు ముఖం తిప్పి ఆయన చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది.

"గీ రోడ్డున్న కాడ మా జొన్నచేనుండె బిడ్డా. కండ్లు మూస్కొని ఈ గట్టుకెల్లి ఆ గట్టుకు పోతుంటి. ఇప్పుడు కండ్లు పోయినయి, రోడ్డొచ్చింది. సారు రావాలె గాని నేనేడికెల్లి వస్త?"

ఆయన రాలేరు కాబట్టి నాన్నే వెళ్ళాలి. ఎలా వెళ్తున్నారన్నది చాలారోజులు నేను అడగలేదు. ఒక శనివారం పొద్దున కాఫీ కప్పుతో బాల్కనీలోకి వచ్చి చూశాను. రోడ్డు మధ్య డివైడర్ మీద ఇనప గ్రిల్లు ఉంది. అందులో రెండు ఊచలు ఎవరో ఎప్పుడో విరిచేశారు. హాస్టల్ పిల్లలు, వంటమనుషులు, బోరబండ నుంచి లోకల్ రైల్లో వచ్చి స్టేషన్ నుంచి నడిచే ఆఫీసుల వాళ్ళు, అందరికీ ఆ సందే దారి. నాన్న గొడుగు చంకలో పెట్టుకుని, పేపరు చుట్టి పట్టుకుని, ఒక చెయ్యి ముందుకి చాపి వచ్చే బండ్లని ఆపుతూ దాటుతున్నారు. హైదరాబాదులో రోడ్డు దాటే ప్రతి మనిషీ చాపే చెయ్యే అది, సగం బతిమాలుతూ, సగం దీవిస్తూ. సందులో ఒక కాలు పెట్టి ఉండగా పక్క నుంచి బస్సు వెళ్ళింది.

అలాంటప్పుడు మామూలు మనిషైతే కిందికి పరిగెత్తి తండ్రి చెయ్యి పట్టుకుంటుంది. నేను ఫోన్ తీసి ఫొటో కొట్టాను. ఫిర్యాదుల యాప్‌లో లోపం నమోదు చేశాను. ఆఫీసులో రాసే పద్ధతిలోనే రాశాను. ఆశించిన ఫలితం, పాదచారులు సిగ్నల్ దగ్గర క్షేమంగా దాటడం. వాస్తవ ఫలితం, విరిగిన గ్రిల్లు సందులోంచి దాటడం. తీవ్రత, అత్యధికం. అక్కడితో వదలకుండా రోజూ వెంటపడ్డాను. రాసిన దానికి గుర్తు చేస్తూ మళ్ళీ రాశాను, ఆ గుర్తు చేసినదాన్ని గుర్తు చేస్తూ ఇంకోటి రాశాను. చివరికి ఒక మధ్యాహ్నం మీటింగులో ఉండగా ఫోన్ మోగింది. మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని సందేశం. ఆ ఆనందంలో కింద వాళ్ళు జతచేసిన ఫొటో కూడా సరిగ్గా చూడకుండా, నా ఫిర్యాదు, నేను తీసిన ఫొటోతో సహా మొత్తం మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టేశాను. చప్పట్లు, దండాలు వర్షంలా కురిశాయి. మీలాంటివాళ్ళు ప్రతి అపార్ట్‌మెంటుకీ ఒకరుండాలని ఎవరో రాస్తే, నాకూ అలాగే అనిపించింది.

సాయంత్రం హారన్ కొట్టి, లిఫ్టు దిగి, అల్లం వాసనలోకి నడిచాను. నాన్న టీ ఇచ్చి, ఇవాళ పేపరు చదవడం కుదరలేదమ్మా అన్నారు. సందు మూసేశారట. కొత్త ఊచలు పెట్టి వెల్డింగ్ చేసి, పచ్చరంగు కూడా వేశారట. సిగ్నల్ పెట్టారా అని అడిగాను. సిగ్నల్ ఏమీ లేదట. అప్పుడు ఫోన్ తీసి వాళ్ళు పంపిన ఫొటో చూశాను. గ్రిల్లు పెళ్ళికూతురిలా మెరుస్తోంది. నేను రాసిన రెండింటిలో వాళ్ళకి చేతనైన దాన్ని వాళ్ళు చక్కగా చేశారు. ఊచలు విరిగితే ఊచలు పెట్టారు. ఆఫీసులో మా ప్రోగ్రామర్లు చేసేదీ ఇదే, నేను వాళ్ళని రోజూ తిట్టేదీ ఇందుకే.

ఎవరో పనీపాటా లేనివాళ్ళు ఫిర్యాదు చేసి ఉంటారని గొణగబోయాను. నాన్న కూడా ఆ గ్రూపులో ఉన్నారన్న సంగతి నాకు గుర్తు లేదు. ఆయన గ్రూపులో వచ్చే ప్రతి ముక్కా చదువుతారు, పోయిన పిల్లి గురించి కూడా.

"నువ్వు తీసిన ఫొటో బాగా వచ్చిందమ్మా," అన్నారు. "అందులో గొడుగుతో ఉన్నది నేనే."

తిట్టి ఉంటే బాగుండేది. నేను టీ తాగుతూ అడ్డదారులు వెతికాను. కాలి వంతెన ఉంది గానీ అది తర్వాతి బస్టాపు దగ్గర ఉంది, దాని లిఫ్టుకి ఎప్పుడూ తాడు కట్టి ఉంటుంది, ఆ మెట్లు నాన్న మోకాళ్ళకి కుదరవు. అంచేత నా చదువుకీ, హోదాకీ తగిన ఉపాయం ఆలోచించాను. క్యాబ్ బుక్ చేశాను.

మా గేటు నుంచి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు దాకా. యాప్ చాలా మర్యాదగా, మీ గమ్యం దగ్గరలోనే ఉంది, నడిచి వెళ్ళొచ్చు అని సలహా ఇచ్చింది. నేను దాన్ని పక్కకి తోసి బుక్ చేశాను. డ్రైవర్లు ఫోన్ చేసి ఎక్కేదీ దిగేదీ ఒకేచోట చూపిస్తోందని చెప్పి రద్దు చేసేవాళ్ళు. ఒకాయన ఇది మజాకా అని అడిగి పెట్టేశాడు. ఒప్పుకున్నవాళ్ళు నాన్నని ఎక్కించుకుని ఆ చివర ఫ్లైఓవర్ దాకా తీసుకెళ్ళి, యూటర్న్ రద్దీలో నిలబెట్టి, చివరికి కొట్టు ముందు దింపేవారు. అప్పటికి వాతావరణం వార్త పాతబడేది. నాన్న మొదటి వారం నా కోసం ఓర్చుకున్నారు. తర్వాత ఇక వద్దన్నారు. బల్ల మీద కూర్చున్న మనిషి ముందు రోజూ కారు దిగడం ఊరెళ్ళి వచ్చినట్టుందని, తనకి సిగ్గుగా ఉందని చెప్పారు.

తర్వాత ఫోన్. నాన్న బాల్కనీలో కూర్చుని గట్టిగా చదివేవారు. అవతల పెద్దాయన ఫోన్ చెవికి ఆనించుకుని వినేవారు. మధ్యలో రోడ్డు మోత మాటలన్నింటినీ మింగేసేది. ఏమన్నరు సారూ అని ఆయన అడగడం, నాన్న మళ్ళీ చదవడం, ఈలోగా ఇంకో లారీ. ఒక్కోరోజు పెద్దాయన ఫోన్ ఎత్తేవారు కాదు. పడుకున్నారని కొట్టువాళ్ళు చెప్పేవారు. ఒక పొద్దున బాల్కనీలోంచి చూస్తే బల్ల పక్కన కుర్చీ లేదు. నాన్న ఆ వైపు చూసి, పేపరు నాలుగు మడతలు పెట్టి టీవీ కింద పెట్టారు. ఆ రోజు నాకు చాలా బాధేసింది. మనిషికి తిండీ మందులూ లోటు లేకుండా చూస్తున్నానని మురిసిపోయేదాన్ని. ఇంటి బయట ఆయనకి మిగిలిన ఒకే ఒక్క పనిని నేనే వెల్డింగ్ చేయించాను.

ఆఫీసుకి వెళ్తూ కారు ఆపి పెద్దాయన్ని కలిశాను. చూపు అసలు ఆనడం లేదని తెలుస్తూనే ఉంది. నా గొంతు గుర్తుపట్టి నవ్వారు. ఫోన్లో చదివితే వినబడదని, వినబడ్డా మనసుకి పట్టదని అన్నారు. "పక్కన మనిషి కూసుంటె సదివినట్టుంటది బిడ్డా. సారును జర రమ్మను. గానీ పైలం, గా రోడ్డు మంచిది కాదు." రావాలి, కానీ రోడ్డు మంచిది కాదు. ఆ రెండు మాటలకీ మధ్య పచ్చరంగు వేసుకుని నిలబడి ఉన్నది నా ఫిర్యాదే.

ఈసారి ఒంటరిగా కాకుండా, నగరంలో నడక కోసం పాటుపడే ఒక గ్రూపులో చేరాను. మొదటి సమావేశం ఒక కాఫీ షాపు మేడ మీద పెట్టారు. పార్కింగ్ దొరక్క అందరం ఆలస్యంగా వచ్చాం. నేను స్లైడ్లు చూపించాను, చాలా రంగుల్లో. తర్వాత గ్రూపు టీషర్టు ఏ రంగులో ఉండాలన్న చర్చ మొదలై సాయంత్రం దాకా సాగింది. ఆకుపచ్చ గెలిచింది. దిగేటప్పుడు ఫుట్‌పాత్ మీద నిలిపి ఉన్న కార్లలో నాది కూడా ఉంది.

అయినా వినతిపత్రాలు ఇచ్చాం, ఆఫీసుల చుట్టూ తిరిగాం, ఈసారి ఊచల గురించి ఒక్క ముక్క కూడా రాయకుండా జాగ్రత్తపడ్డాను. కొన్ని నెలలకి నిజంగానే సిగ్నల్ వచ్చింది. గ్రిల్లు కోసి దారి తీశారు, తెల్లటి గీతలు వేశారు, స్తంభానికి ఒక మీట పెట్టారు. మీట నొక్కి ఆగితే బండ్లకి ఎర్రలైటు పడి, నడిచేవాళ్ళకి పచ్చబొమ్మ వెలుగుతుంది. మా వల్ల వచ్చిందో, పక్కనున్న స్కూలు వాళ్ళు అడిగితే వచ్చిందో, ఎప్పుడో రాసిపెట్టుకున్న పనే అప్పటికి తెమిలిందో నాకు తెలియదు. గ్రూపులో మాత్రం నా వల్లే వచ్చిందన్నట్టు పెట్టాను. మళ్ళీ చప్పట్లు.

మొదటిరోజు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. నేను సెలవు పెట్టి వెంట వెళ్ళాను. మీట నొక్కాం. బస్సు ఆగింది, కార్లు ఆగాయి. నాన్న సగంలో నిలబడి బస్సు డ్రైవరుకి నమస్కారం పెట్టి మరీ దాటారు. అవతల బల్ల పక్కన కుర్చీ వేసి ఉంది. పెద్దాయన అడుగుల చప్పుడు విని, "ఏంది సారూ, ఇన్నొద్దులు యాడ వోయినవ్?" అన్నారు. నాన్న పేపరు విప్పి ముందు వాతావరణం చదివారు. నేను కొట్టులోకి వెళ్ళి అక్కర్లేని కొత్తిమీర కొన్నాను.

ఆ తర్వాత నేను ఆ సంగతి మర్చిపోయాను. పని పూర్తయితే మర్చిపోవడం మా వృత్తిధర్మం.

మా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ విడుదలయ్యే రోజు ఒకటి వచ్చింది. పొద్దున్నే క్లయింటుతో కాల్. నేను ఇంట్లోంచి బయల్దేరడమే ఆలస్యంగా బయల్దేరాను. యూటర్న్ తీసుకుని మా ఇంటి ఎదురుగా వచ్చేసరికి ఎర్రలైటు. ముందు ఒక ఆటో, దాని పక్కన బైకులు. ఎండ సూటిగా కళ్ళలో కొడుతోంది. ఒక కన్ను ఫోన్ మీద, అందులో టీమ్ వాళ్ళ మెసేజ్‌లు. లైటు పచ్చబడింది. బైకులు వెళ్ళిపోయాయి. ఆటో కదలదు. దాని ముందు ఎవరో ముసలాయన ఇంకా దాటుతూనే ఉన్నాడు. సమయం చూసుకున్నాను. చెయ్యి దానంతట అదే హారన్ మీదికి వెళ్ళింది. రెండు పొట్టివి, ఒక పొడుగుది.

ఆయన తల తిప్పలేదు. చెయ్యి ఒకటి పక్కకి చాపి, మా అందరినీ ఆపి, తాపీగా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాడు. ఎంత పొగరు ఈ మనిషికి అనుకున్నాను. ఆటో పక్కకి తప్పుకున్నాక ఎండలోంచి ముందు గొడుగు కనిపించింది, తర్వాత చుట్టిన పేపరు. ఆ తర్వాత కుర్చీ వైపు నడుస్తున్న ఇస్త్రీ చొక్కా వీపు కనిపించింది.

వెనక నుంచి నా మీద హారన్లు మొదలయ్యాయి. ఆగడానికి చోటు లేదు. నాన్న పక్క నుంచే వెళ్ళిపోయాను. కాల్‌లో అందరూ ఏమైనా ప్రమాదకరమైన లోపాలు మిగిలాయా అని అడిగితే, ఏమీ లేవని చెప్పాను.

సాయంత్రం సెల్లార్ మలుపు దగ్గర చెయ్యి హారన్ మీదికి పోలేదు. కిటికీ దించి, తల బయటపెట్టి చూసుకుంటూ నెమ్మదిగా దిగాను. లిఫ్టు దిగితే అల్లం వాసన లేదు. నాన్న తలుపు తీసి, హారన్ వినపడలేదేంటి, కారు పాడైందా అని అడిగి హడావిడిగా పొయ్యి వెలిగించారు. నేను వంటగది గుమ్మంలో నిలబడి, పొద్దున సిగ్నల్ దగ్గర అని మొదలుపెట్టాను.

"తెలుసమ్మా, నీ హారన్ నాకు తెలీదా?" అన్నారు నాన్న, గిన్నెలోకి అల్లం వేస్తూ. "నువ్వే కదా, ఆగుతావులే అని ఇవాళ నెమ్మదిగా నడిచాను."

టీ పొంగింది. వడగట్టి, గ్లాసు నా చేతికిస్తూ అన్నారు.

"మిగతా రోజుల్లో పరిగెత్తుతాను."